మగ్గం సినిమాలో కనబడని నర్సయ్య

"ఆయన మీద ఏ రంగు అంగి ఉండె?" అని అడిగింది రాజవ్వ.

"తెల్లంగి," అన్నాను.

ఆమె ఒళ్లో బీడీల చాట ఉంది. అంతవరకూ ఆగి ఉన్న వేళ్లు మళ్లీ కదిలాయి. తునికాకు చుట్టి, దారం కట్టి, బీడీని పక్కన పెట్టింది. ఇంకో ఆకు అందుకుంటూ లోపలికి కేకేసింది. "శారదా, సారుకు చాయ్ పెట్టు బిడ్డా."

నేను చెప్పింది అబద్ధమని ఆమెకు తెలిసిపోయింది. ఆమెకు తెలిసిందని నాకూ తెలిసింది. మంగళవారం పొద్దున పదకొండుకు పది నిమిషాలు తక్కువ. సిరిసిల్ల నేతవాడలో అటూ ఇటూ సాంచలు నడుస్తున్నాయి. మరమగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు. ఆ చప్పుడులో మాట వినబడాలంటే కాస్త గట్టిగా చెప్పాలి. నేను అబద్ధాన్ని కూడా గట్టిగానే చెప్పాను.

ఈ ప్రయాణం మాత్రం సరదాగానే మొదలైంది. పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, చూడాలనుకుని చూడని చోట్లకు పోవాలనుకున్నాను. సినిమా పిచ్చి ఉన్నవాళ్లు పెద్ద పెద్ద స్టూడియోల్లో వేసిన పాత కోటలూ మహళ్లూ చూడలేకపోయామని బాధపడతారు. నా బాధ చిన్నది. జగిత్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక సినిమా చూశాను. నేతపనివాళ్ల సమ్మె కథ. అందరూ దాన్ని మగ్గం సినిమా అనేవాళ్లు. స్టూడియోలో తీసింది కాదు. దొర గడిని, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటిని, కోరుట్ల దగ్గర పొలంలో సెట్టు వేశారు. హీరో మగ్గం నేసే ఇల్లు మాత్రం సిరిసిల్లలోని నిజం ఇల్లే. విడుదలైన మొదటి వారంలోనే రెండుసార్లు చూశాను. తీసిన చోట్లకు వెళ్లాలని అప్పుడే అనుకున్నాను. వెళ్లడానికి ముప్పై ఏళ్ల పైనే పట్టింది.

సోమవారం పొద్దున ఆరున్నరకు హైదరాబాద్ జూబ్లీ బస్టాండులో జగిత్యాల బస్సెక్కాను. పదకొండున్నరకు దిగాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, చాయ్ కలిపి యాభై రూపాయలు. నేను సినిమా చూసిన టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు. తెర ఉన్న చోట పెళ్లి వేదిక, టికెట్లు ఇచ్చిన కిటికీలో చెప్పుల స్టాండు. వాచ్‌మన్ నన్ను చూసి, "పెండ్లి ఎవరిది సార్?" అన్నాడు. సినిమా గురించి అడిగితే పక్క సందులో మిక్సీలు బాగుచేసే ఖాజా భాయ్ దగ్గరికి పంపాడు.

ఖాజా భాయ్ ఆ టాకీసులో ఇరవై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపిన మనిషి. డెబ్బై దాటాయి. ముందున్న మిక్సీ మీంచి తలెత్తకుండానే మాట్లాడాడు.

"మగ్గం సినిమానా? మొదటి వారం చూసిండ్రా, తర్వాతనా?"

"మొదటి వారమే."

"అరె వా. అయితె మీరు అసల్ సినిమా చూసిండ్రు సాబ్. తర్వాత చూసినోళ్లంత నా కత్తెర చూసిండ్రు."

రెండో వారం పంపిణీదారు నుంచి చిట్టీ వచ్చిందట. సినిమా మరీ పొడుగుంది, జనం మధ్యలో లేస్తున్నారు, ఫలానా ఫలానా చోట్ల కొయ్యమని. అన్ని ఊళ్ల టాకీసులకూ అవే చిట్టీలు వెళ్లాయి. కోసిన ముక్కలు ఏమయ్యాయని అడిగాను.

"డబ్బాల పెట్టి వాపస్ పంపినం. కొన్ని పిల్లలు గుంజుకపోయిండ్రు. పాత రీళ్లు కరగబెట్టి వెండి తీసేటోళ్లు తిరుగుతుండె, వాళ్లు కొన్ని కొనుక్కపోయిండ్రు. గప్పుడు గవి ఎవరికి కావాలె సాబ్?"

ఆయన నంబరు తీసుకున్నాను. అసలు సినిమా చూసినవాణ్నన్న గర్వంతో బస్టాండుకు నడిచాను. ఆ గర్వం మర్నాటి వరకూ ఉంది.

రెండూ నలభైకి కోరుట్ల బస్సు. టికెట్ నలభై రూపాయలు. పక్క సీటులో కూరగాయల సంచితో కూర్చున్నావిడ ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. నా టికెట్‌ను ఒకసారి తొంగి చూసింది.

"ఏడికి సార్?"

"పాత సినిమా తీసిన జాగ చూద్దామని."

"సినిమా ఫోన్ల ఫిరీగ వస్తది గదా. మీరు పైసలు పెట్టి జాగ చూడవోతున్నరా?" అని ఆమె నవ్వింది. దిగేముందు సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఇచ్చింది. "జాగ దొరకకుంటె గివన్న తినుండ్రి."

కోరుట్లలో ఆటో మాట్లాడుకున్నాను. పోనూ రానూ రెండు వందలు. ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్లాక, పసుపు చేను మధ్యలో ఆరు మెట్లు కనిపించాయి. మెట్లే ఉన్నాయి, వాటి పైన ఏమీ లేదు. సినిమాలో దొర ఆ మెట్ల మీద నిలబడి నేతపనివాళ్లను వెళ్లగొడతాడు. గోడలన్నీ తడకలూ గుడ్డా సున్నమూ. హీరో పరుగెత్తాలి కాబట్టి మెట్లు మాత్రం ఇటుకలతో కట్టారట. చేను గంగారెడ్డిది. ఆ మెట్ల మీద ఆయన మందు కొట్టే పంపు ఉంది, తడి లుంగీ ఆరేసి ఉంది.

"పిలగాండ్లు వస్తరు సార్, ఫోటోలు దిగుతరు. దొర గడి గిదేనా అని అడుగుతరు. మా ఊర్ల దొరనే లేకుండె. ఎంత చెప్పినా ఇనరు. మొన్న ఒకడు నన్నే దొర మనుమడా అని అడిగిండు."

"మెట్లు తీసెయ్యకపోయారా?"

"ట్రాక్టర్ పోతలేదు, పీకుదామంటె గట్టిగున్నయి. గా సినిమాల గట్టిగ కట్టింది గివొక్కటే."

మెట్లెక్కి నిలబడ్డాను. చుట్టూ పసుపు ఆకులు, దూరంగా జాతీయ రహదారి మీద లారీలు. సినిమాలో ఇక్కడి నుంచి ఊరంతా కనిపించేది. ఆ ఊరు కూడా గుడ్డ మీద వేసిన బొమ్మే అయి ఉండాలి. రెండు నిమిషాలు నిలబడి దిగాను. ఆ రాత్రికి కోరుట్లలో లాడ్జి, ఆరు వందలు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు మాత్రం లేవు.

మంగళవారం ఏడుంబావుకు కోరుట్ల నుంచి వేములవాడ బస్సు. కథలాపూర్, రుద్రంగి మీదుగా వెళ్తుంది. వేములవాడలో మారి, పదింటికి కాస్త ముందు సిరిసిల్లలో దిగాను. నేతవాడ మొదట్లో చాయ్ కొట్టతను ఇల్లు చూపించాడు.

"హీరో ఇల్లా? గది రాజవ్వ ఇల్లు. పోండ్రి. కాని గామె ఒక్క ముచ్చట అడుగుతది సార్. సినిమాల మా ఆయనను చూసిండ్రా అని. ఏదో ఒకటి చెప్పి రాండ్రి. లేకుంటె విడిచిపెట్టది."

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో హీరో కూర్చున్న గుంత మగ్గం ఉండేది. ఇప్పుడు ఆ గుంతను పూడ్చి సిమెంటు వేశారు. దాని మీద ఫ్రిజ్ ఉంది. సిమెంటు కాస్త దిగి, నేల మీద చాపంత పల్లం కనబడుతోంది. వచ్చినవాళ్లు ఆ పల్లాన్నే ఫోటో తీసుకుంటారని శారద చెప్పింది. శారద రాజవ్వ కూతురు, సాంచలకు నూలు కండెలు చుడుతుంది. షూటింగ్ నాటికి తల్లి కడుపులో ఉంది. కాన్పుకని రాజవ్వ గంభీరావుపేటలో పుట్టింటికి వెళ్లిందట. అందుకే షూటింగ్ చూడలేదు.

మిగతాది రాజవ్వే చెప్పింది. మగ్గం ఆమె భర్త నర్సయ్యది. ఇల్లు ఇచ్చినందుకు డైరెక్టరు అతనికి ఒక వేషం ఇచ్చాడు. సమ్మెకు రమ్మని హీరో వచ్చి పిలిస్తే, మగ్గం మీద నుంచి తలెత్తి ఒక మాట అనాలి. "ఈ గజం అయినంక వస్త అన్నా." అంతే. వేసుకోవడానికి కొత్త అంగి ఇచ్చారు. నర్సయ్య ఆ మాటను పది రోజులు అనుకుంటూ తిరిగాడు. వాడకట్టంతా విన్నది.

సిరిసిల్లకు సినిమా మూడో వారంలో గాని రాలేదు. వాడకట్టంతా టాకీసుకు పోయింది. హీరో పిలవడం వచ్చింది, ఆ వెంటనే ఊరేగింపు వచ్చింది. నర్సయ్య తెర మీదికి రాలేదు. తన ముక్క తర్వాత వస్తుందేమోనని ఆఖరి దాకా కూర్చున్నాడు.

"గప్పటిసంది ఏడ కనబడ్డా ఒకటే మాట సార్. గజం అయిందా నర్సన్నా అని. చాయ్ కొట్టుకాడ అంటరు, సాంచకాడ అంటరు. మొదటి వారం ఉండె, తర్వాత కోసిండ్రు అని గీయన చెప్తడు. ఎవ్వడు నమ్మడు. ఊరోళ్లను సంబురపెట్టతందుకు రీల్ లేకుంట ఉత్త కెమెరా తిప్పుతరట గదా. నీకు గట్లనే తిప్పిండ్రు అని నవ్వుతుండె."

"మీరు నమ్మినరా?"

లోపలి గదిలోంచి శారద కండెల బుట్ట పక్కన పెట్టి తల్లి వైపు చూసింది.

"ఒకనాడు నలుగురి ముందట నేనే అన్న. కెమెరాల రీలే లేదట, ఇగ ఊకో అన్న. గా దినం సంది గీ ఇంట్ల సినిమా అన్న మాట మాట్లాడలే ఆయన. పోయి ఆరేండ్లయితంది. పొయ్యేదాక మాట్లాడలే."

అప్పుడే నన్ను అడిగింది. సినిమా ఏ ఊర్లో చూశారు, ఎప్పుడు చూశారు అని. జగిత్యాలలో, మొదటి వారంలో అన్నాను. ఆమె వేళ్లు ఆగాయి.

"నిజంగ మొదటి వారమా? అయితె మా ఆయనను చూసిండ్రా?"

నాకు గుర్తులేదు. హీరో ముఖం గుర్తుంది, పాటలు గుర్తున్నాయి, గడి మెట్లు గుర్తున్నాయి. మగ్గం మీద నుంచి తలెత్తిన మనిషి ఎంత తవ్వినా రాలేదు. కాని చిట్టీలు వచ్చాయనీ, కోశారనీ ఖాజా భాయ్ నిన్ననే చెప్పాడు. నర్సయ్య చెప్పింది నిజమే అయి ఉంటుంది. నిజమే అయినదానికి సాక్ష్యం చెబితే తప్పేముంది అనుకున్నాను. "చూసిన," అన్నాను. అప్పుడు అంగి సంగతి అడిగింది.

శారద చాయ్ తెచ్చింది. "మా అమ్మ పోలీసోళ్ల లెక్క అడుగుతది సార్, ఏమనుకోకుండ్రి," అంది.

"అందరు మంచోళ్లే బిడ్డా," అంది రాజవ్వ. "చూసిన అన్నోళ్లు గీ సారుతోని తొమ్మిది మంది. తెల్లంగి అన్నోళ్లే ఎక్కువ. మొన్న ఒక పిలగాడు, ఇరవై అయిదేండ్లు సుత ఉండయి, మొదటి వారమే చూసిన అవ్వా అన్నడు."

నవ్వడానికి ప్రయత్నించాను. ఆమె నవ్వలేదు.

"అసలు రంగు ఏందమ్మా?" అన్నాను.

"గది చెప్ప సార్. అంగి పెట్టెల ఉన్నది. చెప్తె రేపటిసంది వచ్చినోళ్లంత గదే రంగు చెప్తరు. ఇగ నేనెవరిని అడగాలె?"

అప్పుడు నిజం చెప్పాను. మొదటి వారం చూసిన మాట నిజమనీ, ఆయన మాత్రం గుర్తులేడనీ. ఖాజా భాయ్ కోసిన సంగతి కూడా చెప్పాను. ఆమె అంతా విన్నది.

"కోసిండ్రు అంటె మస్తు కోసి ఉంటరు. గా కోసినదాంట్ల గీయన ఉన్నడా లేడా, గదొక్కటి కావాలె నాకు." ఇంకో ఆకు అందుకుని, "మీకు యాదికి లేకపోవుడు తప్పు కాదు సార్. ఆయన హీరో కాదు గదా," అంది.

బస్టాండుకు వచ్చి ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాను. మగ్గం దగ్గర హీరో పిలిచే చోట కోశారా అని అడిగాను.

"ఎట్ల చెప్పాలె సాబ్? చిట్టీల రీల్ నంబరు, ఎన్ని ఫీట్లు, గంతే ఉంటుండె. గండ్ల మనుషులు ఎవరున్నరని ఉండది. నేను వెలుగుకు పెట్టి సుత చూడలే. కోసిన, అతికిచ్చిన."

రెండు గంటలకు హైదరాబాద్ బస్సు దొరికింది. సిద్దిపేట మీదుగా నాలుగు గంటల ప్రయాణం. ఎవరైనా ఈ దారిన వెళ్లాలనుకుంటే రెండు రోజులు చాలు, ఖర్చు రెండు వేలు దాటదు. కోరుట్ల మెట్లు చూడొచ్చు, సిరిసిల్లలో నేల మీది పల్లం చూడొచ్చు. రాజవ్వ ఇంటికి మాత్రం ఆ సినిమాను మొదటి వారంలో చూసి, నర్సయ్య నిజంగా గుర్తున్నవాళ్లే వెళ్లండి. అలాంటివాళ్లు ఉన్నారని నాకు నమ్మకం లేదు. పాత సినిమా చోట్లు చూస్తే ఆ సినిమా మళ్లీ చూసినట్టుంటుందనుకుని బయలుదేరాను. తిరిగి వస్తుంటే, అసలు అప్పుడు మాత్రం ఏం చూశానన్నదే నాకు తెలియలేదు.

సిద్దిపేట దాటాక ఫోన్‌లో ఆ సినిమా పెట్టాను. హీరో పిలిచే చోట నాలుగుసార్లు వెనక్కి తిప్పాను. హీరో నోరు మూసీ మూయకముందే ఊరేగింపు వస్తుంది. తర్వాత మొదటికి తెచ్చి, ఎప్పుడూ ఎవరూ చదవని సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపాను. అందులో నిడివి 4,400 మీటర్లు అని ఉంది. అంటే రెండు గంటల నలభై నిమిషాలు. ఫోన్‌లో ఉన్నది రెండు గంటల పంతొమ్మిది నిమిషాలు. మిగతా ఇరవై ఒక్క నిమిషాలు ఎక్కడున్నాయో తెలియదు. అవి నేను రెండుసార్లు చూశాను. వాటిలో ఎవరున్నారో నాకు గుర్తులేదు.