మోరి గోడ దాకా పరుగు

మాది గొర్లు కాసే ఇల్లు. చిట్యాల అవతల, హైదరాబాదు నుంచి బెజవాడ పోయే రోడ్డు మా ఊరి పక్కనుంచే పోతుంది. పని తీరిన పూట అన్నదమ్ములం, బావమరుదులం ఆ తారు రోడ్డు మీద పందెం ఉరికేవాళ్లం. మైలురాయి దగ్గర మొదలుపెట్టి, వాగు నీళ్లు రోడ్డు కిందుగా పోయే మోరి గోడ ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్లది గెలుపు. ఓడినవాడు ఆ పూట అందరి గొంగళ్లూ మోయాలి. అంతకుమించి ఏమీ ఉండేది కాదు.

ఒక్క ఏడు మాత్రం ఆ పందెంలో నా భార్య పురుడు పణంగా పెట్టాను.

అరవైలు అప్పుడే మొదలయ్యాయి. మెట్ట చెలకల్లో గడ్డి ఎండితే మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోవాలి, వానలు పడ్డాకే తిరిగి రావాలి. నడుమ ఇంటి కబురు అందదు. ఒక ఏడు అన్న పోతే ఒక ఏడు నేను. ఆ ఏడు వంతు నాది. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు, అప్పుడు నేను మంద వెంట ఉన్నాను. ఈసారీ పోతావా అని ఆమె నోరు తెరిచి అడగలేదు. అడిగితే కొంత నయంగా ఉండేది.

వంతు మార్చమని అడగడానికి నాకు పౌరుషం అడ్డం. చివరికి అన్నే మాట తీశాడు.

"పందెం పెట్టుకుందాం తమ్మీ. నువ్వు గెలిస్తె నేనే పోత. ఓడితె మాత్రం మొఖం మాడ్చకుండ నువ్వు పోవాలె."

"నాయిన ఒప్పుకుంటడా?"

"నేను ఒప్పిస్త. జర నువ్వు ఉరుకుడు జూస్కో," అని నవ్వాడు.

తీర్పు చెప్పడానికి నాయిన మోరి దగ్గర నిలబడ్డాడు. రోడ్డు అవతలి చెలకలో మంద మేస్తోంది. బావమరిది రుమాలు ఊపగానే ఉరికాం. సగం దూరానికే అన్న నన్ను దాటేశాడు. పళ్లు బిగబట్టి ఉరికాను. మోరి ఇంకో వంద అడుగులుందనగా అతడిని అందుకున్నాను. భుజం భుజం రాసుకుంటున్నాయి.

అది చూసి నాయినకు ఊపొచ్చింది. ఆయనకు ఈలలూ చప్పట్లూ తెలియవు. బతుకంతా అలవాటైన కూత ఒక్కటే, మందను నీళ్లకు పిలిచేది. గొంతెత్తి అదే కూశాడు.

చెలకలో మంద తల లేపింది. గంట కట్టిన పొట్టేలు రోడ్డు మీదికి దుంకింది. ఒకటి దుంకితే అన్నీ దుంకుతాయి, గొర్రె గుణమే అది. చిట్యాల దిక్కునుంచి లారీ వస్తోంది. దాని హారను మా ఇద్దరికీ వినబడింది.

అన్న ఆలోచించలేదు, మంద దిక్కు తిరిగాడు. నేను ఆలోచించాను. అన్న చూసుకుంటాడులే అనుకుని ఇంకా గట్టిగా ఉరికాను. రెండు చేతులతో గోడ ముట్టుకున్నాక గానీ వెనక్కి చూడలేదు.

అన్న రోడ్డు నడుమ చేతులు చాచి నిలబడి ఉన్నాడు. లారీ అతడికి మూరెడు దూరంలో ఆగింది. ఒక్క గొర్రె కూడా చావలేదు. డ్రైవరు నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. నాయిన అక్కడే కూలబడ్డాడు.

"నేను గెలిచిన్నా నాయినా?" అని అడిగాను. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"గెలిచినవ్ బిడ్డా," అన్నాడు.

అన్న మాట తప్పలేదు. మూడోనాడు మందతో కదిలాడు. నాకు కూతురు పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. ఆ వేళకు ఇంట్లో ఉన్నందుకు నేనేనాడూ బాధపడలేదు, అబద్ధమెందుకు.

మరుసటి ఏడు వంతు అన్నదైనా నేనే పోదామని సద్ది కట్టించుకుని, గొంగడి భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. నాయిన నా చేతిలోని కట్టె మెల్లగా తీసుకుని అన్నకిచ్చాడు.

"నువ్వు ఇంటికాడుండు బిడ్డా," అన్నాడు. "నీ మీద మందను ఇడిస్తె నాకు నిద్ర పట్టదు."