వంగని బొబ్బర మొక్క

కడియం మట్టిలో గొడుగు కర్ర గుచ్చి మరిచిపోతే వానలు తగ్గేసరికి చిగురేస్తుందని చెబుతారు. అది ఉత్త అబద్ధం. చిగురొక్కటే కాదు, పువ్వు కూడా పూస్తుంది. ఒక పంజాబీ డ్రైవరు మొక్కల లోడుకు వచ్చి, లారీ జాకీ రాడ్డు నర్సరీ గట్టు మీద మరిచిపోయాడు. మళ్ళీ లోడుకు వచ్చేసరికి ఆ రాడ్డు నిండా మందారాలు విరగబూసి ఉన్నాయి. నా రాడ్డు నాకిమ్మంటే, నర్సరీ వాళ్ళు మొక్క రేటు చెప్పారట.

అంతటి నేల మీద కూడా మొలకెత్తని విత్తనం ఒకటుంది. అది వెంకటదుర్గ టీచరు ఉద్యోగం.

దుర్గ తల్లి రత్తమ్మ నర్సరీ కూలి. సంచుల్లో మట్టి నింపడం, అంట్లు నాటడం, వంకరపోయే మొక్కకు వెదురుపుల్ల దన్నుపెట్టి నిలబెట్టడం ఆమె పని. ఆమె చేతి మీద లేచిన అశోక మొక్కలు ఏ ఊళ్ళో ఏ ఆఫీసు ముందు నిలబడి ఉన్నాయో ఎవరికీ తెలియదు గానీ, ఎక్కడున్నా నిటారుగానే ఉండి ఉంటాయి.

దుర్గకు జీవశాస్త్రం టీచరు కావాలన్న కోరిక హైస్కూల్లో పట్టుకుంది. కారణం, వాళ్ళ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు లేకపోవడమే. గుండె పాఠం హిందీ మేడమ్ చెప్పింది. చెబుతూ చెబుతూ తన పెళ్ళి సంగతి గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది. ప్రత్యుత్పత్తి పాఠం డ్రిల్లు మాస్టారి వంతుకు వచ్చింది. ఆయన ఆ పాఠం ఉన్నన్నాళ్ళూ పిల్లల చేత గ్రౌండు చుట్టూ పరుగులు తీయించాడు. "నేను టీచర్నయితే ఒక్క పాఠం కూడా వదలకుండా చెబుతానే అమ్మా" అని దుర్గ ఇంటికొచ్చి శపథం చేసింది. "చెబుదువులే, ముందు అన్నం తిను" అంది రత్తమ్మ.

శపథం నిలబెట్టుకోవడానికి డిగ్రీ చదివింది, మధ్యలో కొన్నేళ్ళు తల్లితో పాటు సంచులు నింపింది, ఆఖరికి రాజమండ్రిలో బీఈడీలో చేరింది. అన్నీ బాగానే రాసింది. కిందటేడాది ఫైనల్ లెసన్ దగ్గర మాత్రం దెబ్బతింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుల ముందు నిజమైన తరగతికి పాఠం చెప్పి చూపించడాన్నే ఫైనల్ లెసన్ అంటారు. దుర్గ బోర్డు మీద పాఠం పేరు రాసి పిల్లల వైపు తిరిగింది. ఆ తర్వాత నోరు పెగల్లేదు. గంట కొట్టేదాకా అలాగే నిలబడింది.

"ఈసారి కూడా తప్పావంటే కోర్సు గడువు దాటిపోద్దమ్మా. ఆ తర్వాత నేనూ ఏం చెయ్యలేను" అన్నారు కాలేజీలో బయాలజీ చూసే జగన్నాథరావు గారు. "నోరు పెగలకపోయినా పిల్లల నోరు పెగిలేలా చూసుకో. ముందురోజే ప్రశ్నలూ జవాబులూ నేర్పెయ్యి. అందరూ చేసేదే."

అందరూ చేసేదే, నిజం. దుర్గతో పాటు శిక్షణ పొందుతున్న ఐజాక్ ఆ విద్యలో ఆరితేరినవాడు. ఏ ప్రశ్నకు ఎవరు ఒప్పు చెప్పాలో నేర్పడం అందరికీ వచ్చు. ఐజాక్ ఏ ప్రశ్నకు ఎవరు తప్పు చెప్పాలో కూడా నేర్పేవాడు. "అన్నీ ఒప్పయితే అనుమానపడతారక్కా. పప్పులో ఉప్పులాగా రెండు తప్పులు పడాలి" అనేవాడు.

దుర్గ ఎంచుకున్న పాఠం కాంతి అనువర్తనం. అంటే, మొక్క వెలుతురు ఎటుంటే అటు వంగుతుందన్న సంగతి. కుండీలో బొబ్బర విత్తు నాటి, మొలిచాక అట్టపెట్టెలో పెట్టి మూత వేసింది. పెట్టెకు ఒక పక్కన చిన్న కన్నం చేసింది. కొన్నాళ్ళకు మొక్క ఆ కన్నం వైపు మెడ చాచుకుని, పక్కింటి గొడవ వినే ముసలమ్మలా వంగి కూర్చుంది. దుర్గ మూత తీసి చూసి మురిసిపోయింది.

"అమ్మా, ఆ పెట్టె కదపకు" అని చెప్పి, ఫైనల్ లెసన్‌కు ముందురోజు పదో తరగతి పిల్లలకు జవాబులు నేర్పడానికి స్కూలుకు వెళ్ళింది.

రత్తమ్మ పెట్టె కదపలేదు. కూతురి మాటంటే ఆమెకు అంత గురి. కానీ లోపలున్నది మొక్క. మొక్కను చీకట్లో పెట్టి మూత వేస్తే నర్సరీ మనిషికి ముద్ద దిగుతుందా? మూత తీసి చూసి "అయ్యో తల్లీ, ఎంత గూనిపోయావే!" అని నొచ్చుకుంది. కూతురు రేపు నలుగురిలో చూపించుకోవలసిన మొక్క. పిల్లకి చదువు ధ్యాసలో చూసుకోవడం కుదిరి ఉండదనుకుంది. కుండీ బయటికి తీసి నీళ్ళు పోసింది. వెదురుపుల్ల చెక్కి పక్కన గుచ్చింది. కాడ నలగకుండా అరటినారతో వదులుగా ముడివేసి, సాయంత్రం దాకా ఎండలో ఉంచింది. మొక్క జెండా కర్రలా లేచి నిలబడింది. తిరిగి పెట్టెలో పెట్టేటప్పుడు కన్నం కంటబడితే, చీమలు దూరతాయని దానికీ లోపలి నుంచి కాగితం అంటించి మూత వేసింది.

కూతురికి చెప్పలేదు. మంచిపని చేసి చెప్పుకోవడం ఆమెకు అలవాటు లేదు.

పొద్దున్నే దుర్గ ఆ పెట్టెను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. మూత తెరిస్తే కుదుపులకు కాడ విరుగుతుందని భయపడి తెరవలేదు.

తరగతిలో వెనక బెంచీ మీద పరీక్షకురాలు, పక్కన జగన్నాథరావు గారు కూర్చున్నారు. ఈసారి దుర్గ నోరు బాగానే పెగిలింది. పాఠం పేరు రాసింది, నాలుగు మాటలు గలగలా చెప్పింది, పిల్లల్ని ఒకసారి నవ్వించింది కూడా. జగన్నాథరావు గారు హమ్మయ్య అన్నట్టు కళ్ళజోడు తుడుచుకున్నారు. దుర్గ మూత తీసి కుండీ పైకెత్తింది.

ముడి చూడగానే అది ఎవరి ముడో తెలిసిపోయింది. ఆ ముడి చూస్తూనే పెరిగింది ఆమె. అమ్మ కట్టిందని చెబితే తరగతంతా అమ్మ పనికి నవ్వుతుంది. చెప్పకపోతే చూపించడానికి ఏమీ లేదు. ఆలోచన అక్కడే ఆగిపోయింది గానీ, బట్టీ పట్టిన నోరు ఆగలేదు.

"చూశారా పిల్లలూ! మొక్క ఎటు వంగింది?"

"వెలుతురు వైపు వంగిందండీ!" అని తరగతంతా పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది.

వెనక నుంచి పరీక్షకురాలు లేచి వచ్చింది. కుండీని అటూ ఇటూ తిప్పి చూసింది. ముందు బెంచీలో ఉన్న రమ్యశ్రీ అనే పిల్లను లేపింది.

"ఏది తల్లీ, వంగింది నాకూ చూపించు."

"వంగలేదండి."

"మరి వంగిందని అరిచావేం?"

"అలా చెప్పమన్నారండి. నిన్న నేర్పారండి."

"గట్టిగా అరిచినోళ్ళకి జామకాయ ఇత్తానన్నారండి" అని వెనకనుంచి ఇంకో గొంతు న్యాయం అడిగింది.

దుర్గ ఆ తర్వాత పాఠం ముగించిందో లేదో ఆమెకే గుర్తులేదు.

వరండాలో జగన్నాథరావు గారు తల పట్టుకున్నారు. "ఇంట్లో వాళ్ళు తెలియక కర్ర కట్టేశారండీ అని నవ్వేస్తే సరిపోయేది కదమ్మా! ఆవిడకి మొక్క మీద కోపం లేదు. కళ్ళెదుట లేనిదాన్ని ఉందని చెప్పించే టీచరుకి మార్కులెలా వెయ్యమంటారని నన్నడిగింది. నేనేం చెప్పను?"

"ఇంకో అవకాశం ఏమైనా ఉంటుందాండి?"

ఆయన స్కూటరు తాళాలు వెతుక్కున్నారు. వరండా గోడ అవతల ఐజాక్ తరగతిలో ఒక పిల్లాడు ముచ్చటగా తప్పు జవాబు చెబుతున్నాడు. ఐజాక్ అంతకంటే ముచ్చటగా దిద్దుతున్నాడు. పరీక్షకురాలు అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. ఐజాక్ పాసయ్యాడు.

దుర్గ ఇంటికి పోలేదు. బస్సు దిగి నేరుగా నర్సరీకి వెళ్ళింది. రత్తమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మట్టి గుట్ట ముందు కూర్చుని సంచులు నింపుతున్నారు. కూతుర్ని చూడగానే రత్తమ్మ మొహం వెలిగిపోయింది.

"ఏమ్మా, మొక్క చూపించావా? ఏమన్నారు?"

"చూశారమ్మా. నిటారుగా ఉందన్నారు."

"అనరూ మరి!" రత్తమ్మ పక్కన సంచి నింపుతున్న పాపాయి అనే కూలామెను మోచేత్తో పొడిచింది. "ఈ పిల్ల గూనిదాన్ని పట్టుకెళ్ళిపోతుంటే నేనే కర్ర కట్టానే."

"నీ చెయ్యి పడితే చచ్చిందైనా నిలబడుద్దిలే" అంది పాపాయి. "అయితే దుర్గమ్మా, ఇక టీచరుగారేనా? మా పిల్లల్ని కొట్టకేం!"

దుర్గ చెప్పులు పక్కన విడిచి, తల్లి ఎదురుగా కింద కూర్చుంది. ఖాళీ సంచి ఒకటి అందుకుని దాని నోరు విప్పి, దోసెడు మట్టి పోసింది.

"ఏంటే ఆ పని! కాలేజీ చీర అది, మట్టయిపోద్ది" అని రత్తమ్మ గదమాయించింది. "మళ్ళీ కట్టుకెళ్ళాలా వద్దా?"

దుర్గ ఇంకో దోసెడు పోసి, బొటనవేళ్ళతో అదిమింది. రత్తమ్మ మొహంలో నవ్వు కాసేపు నిలిచి, మెల్లగా ఆరిపోయింది. తర్వాత ఆమె కూతురి చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. దుర్గ ఆ సంచి పక్కన పెట్టి, రెండోది అందుకుంది.