లాన్‌షియు తామర

తెల్ల కూజాల మీద తామరలు చెక్కడంలో ఛూయాంగ్ ఊరు మొత్తానికి లాన్‌షియు చేతికి తిరుగులేదు. అయితే ఏం లాభం? ఆవంలో కాలి బయటికొచ్చేసరికి ఆ పువ్వు ఎక్కడుందో వెలుతురుకి పట్టి వెతుక్కోవాల్సిందే. చెక్కిన కూజాకి తెల్ల మెరుగు పూసేది ఆమె మొగుడు దెవాంగ్. పొదుపన్నది ఆయనగారి చేతికి తెలియదు.

"పువ్వు చెక్కమన్నారు, చెక్కాను. దాని మీద కొర్రగంజి పొయ్యమని నీకెవడు చెప్పాడయ్యా?" అనేది ఆమె.

"నీ తామరకి చలేస్తుందని దుప్పటి కప్పాన్లే," అనేవాడు అతను. పెళ్లయిన నాటి నుంచీ ఇదే భాగోతం.

ఆ ఇంట్లో ఏ కూజా అడుగునైనా మామగారి పేరే ఉండాలి. అలాంటిది, ఈ ఏడు రాష్ట్ర ప్రదర్శన ముందు ముసలాయనకి ఏ దేవుడు పూనాడో ఏమో!

"ఒక్కదాని మీద నీ పేరు చెక్కుకో అమ్మాయ్. సరిగ్గా కాలితే నీ పేరు మీదే పంపిస్తా. పాడైందా, మళ్లీ నన్నడక్కు," అన్నాడు.

లాన్‌షియుకి అన్నం సయించలేదు. కూజా అడుగున తన పేరు చెక్కుకుంది. మొగుడి ధారాళం తెలిసిందే కదా! ఎంత గంజి పోసినా పువ్వు మునగకూడదని వెదురు కత్తిని మామూలుకన్నా లోతుగా దించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆవం తెరిచారు. తామర కనిపించింది. కనిపించకేం? మెరుగు అంటక రేకు రేకునా మట్టి అంచులు తేలి, గోళ్లతో రక్కినట్టుంది. పెద్ద రేకు నుంచి మెడ దాకా నెర్రె.

"అంత లోతు ఎందుకు దించావే?" దెవాంగ్ ఆ నెర్రె మీద వేలు పెట్టి అడిగాడు.

"నువ్వు పూత ఎందుకు తగ్గించావు?"

"పువ్వు కనబడాలనే కదే రోజూ నీ గోల! నీ పేరుంది కదా, ఈ ఒక్కసారికి నీ మాట విందామనుకున్నాను."

"ఇన్నేళ్లూ వినని వాడివి, వినడానికి నీకు ఇదే దొరికిందా మహానుభావా!"

లాన్‌షియుకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరికి ఏడుపే గెలిచింది.

పాడైన సరుకు ఆ గడప దాటకూడదు. ఎవరి పేరుంటే వాళ్లే పగలగొట్టాలి. ఇన్నాళ్లూ ఆ సుత్తి మామగారిది. ఇవాళ ఆయన దాన్ని కోడలి చేతికిచ్చాడు. ఆమె కళ్లు మూసుకుని ఒక్క దెబ్బ వేసింది. తామర చెల్లాచెదురైంది. అడుగు ముక్క మాత్రం దొర్లుకుంటూ వెళ్లి ముసలాయన కాళ్ల దగ్గర ఆగింది.

ఆయన వంగి తీసుకుని, తిప్పి చూశాడు.

"పేరు మాత్రం భేషుగ్గా కాలిందమ్మాయ్," అన్నాడు.