నీలి గులాబీకి నా సంతకం

2006 జూన్‌లో నన్ను విశాఖపట్నంలోని విత్తన పరీక్షా కేంద్రానికి సీనియర్ అనలిస్టుగా బదిలీ చేశారు. అంతకుముందు పద్నాలుగేళ్లు వేరే జిల్లాల్లో వరి, వేరుశనగ గింజలు లెక్కపెట్టాను. గింజలు లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా బంధువులు నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. రైతు వేసిన గింజ మొలుస్తుందో లేదో వేయకముందే చెప్పడం చిన్న పనేమీ కాదు.

మా దగ్గరికి నమూనాలు రెండు రకాలుగా వచ్చేవి. ఇన్‌స్పెక్టర్లు దుకాణాల్లో సీలు వేసి తెచ్చేవి ఒక రకం. ఎవరైనా ఫీజు కట్టి సొంతంగా తెచ్చుకునేవి రెండో రకం; వాటిని సర్వీసు శాంపిల్ అంటాం. ఈ రెండో రకంలో గింజ పేరు మేం నిర్ణయించం, తెచ్చినవాడు చెప్పిన పేరే రాస్తాం. నాలుగు వందల గింజల్ని వంద చొప్పున తడి కాగితాల్లో చుట్టి మొలక యంత్రంలో పెడతాం. నాలుగో రోజు ఒకసారి, ఎనిమిదో రోజు ఒకసారి మొలకలు లెక్కపెట్టి శాతం వేస్తాం. రిపోర్టు అడుగున ఒక వాక్యం అచ్చయి ఉంటుంది: ‘ఈ ఫలితం ఇచ్చిన నమూనాకి మాత్రమే వర్తిస్తుంది.’ ఆ వాక్యం చాటున నేను చాలా ఏళ్లు నిశ్చింతగా బతికాను.

2007 వేసవిలో ఒకతను సర్వీసు శాంపిల్ తెచ్చాడు. మనిషి శుభ్రంగా ఇన్‌షర్టు వేసుకుని ఉన్నాడు. ఫారంలో ‘నీలి గులాబీ’ అని రాశాడు. గింజల మీద నీలం రంగు పూత ఉంది. పురుగు పట్టకుండా గింజలకి మందు పూసి రంగు వేయడం మామూలే కాబట్టి నేను అనుమానించలేదు. మొలకలు లెక్కపెట్టే పని మా ల్యాబ్ అటెండర్ అప్పన్నది. విజయనగరం పక్క పల్లె అతనిది, అప్పటికి రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డాడు. నాలుగో రోజు కాగితం విప్పి చాలాసేపు చూశాడు. ఒక మొలక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు.

“ఇది గులాబీ ఏటి బాబూ! గోగు. పుల్లగుంది కూడాను.”

మందు పూసిన గింజ మొలక నోట్లో పెడతావా, బుద్ధుందా అని కసిరాను. ఇవి గోగు మొక్కలు బాబూ, నాను సిన్నప్పట్నుంచి సూత్తన్నాను కదా, అని మళ్లీ అన్నాడు. నీ పని లెక్కపెట్టడం, పేరు పెట్టడం కాదు అన్నాను. అటెండర్ మాట రిపోర్టులోకి ఎక్కే పద్ధతి మా దగ్గర లేదు. అతను ఇక వాదించకుండా లెక్క చెప్పాడు: వందకి తొంభై రెండు. ఎనిమిదో రోజు నేను సంతకం పెట్టి, సీలు వేయించి ఇచ్చేశాను.

అసలు గులాబీ గింజ మొలవాలంటే వారాల తరబడి చల్లదనంలో ఉండాలి. మొలిచినా వందకి తొంభై మొలవడం కల్ల. ఈ సంగతి నాకు తెలియక కాదు, చదువుకున్నదే. అంకె సరిగ్గా ఉందా లేదా అన్నదే చూశాను గాని పేరు వైపు చూడనే లేదు.

ఆ వర్షాకాలం చివర్లో మల్కాపురం నుంచి వీర్రాజు గారని ఒకాయన వచ్చారు. పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. పుట్టింది గోదావరి జిల్లాలో, నర్సరీల మధ్య. ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకున్న గింజల ప్రకటన ఒకటి నా బల్ల మీద పెట్టారు. పైన సముద్రమంత నీలంగా ఉన్న గులాబీ బొమ్మ. దాని పక్కనే నా రిపోర్టు, నా సీలు, నా సంతకం. కింద ‘ప్రభుత్వ ల్యాబులో పరీక్షించినవి’ అని పెద్ద అక్షరాలు.

ఆయన మాట వింటూ నేను తలెత్తలేకపోయాను.

“గులాబీకి అంటు కట్టడమే గానీ గింజెయ్యడం మా ఊళ్లో ఎప్పుడూ చూళ్లేదండి. చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చిందండి. మీ సంతకం చూసి, నాకు తెలిసిందే తప్పేమో అనుకున్నానండి.”

వాళ్ల వీధిలో ఎవరు ఏ మొక్క పెట్టాలన్నా ముప్ఫై ఏళ్లుగా ఆయన్నే అడిగేవారట. ఆయన వేయొచ్చు అన్న ధైర్యంతో తొమ్మిది ఇళ్లవాళ్లు ఈ గింజలు పోస్టులో తెప్పించుకున్నారు. పక్కింటి సింహాచలం రిఫైనరీలో పని చేస్తాడు. పూత మీదున్న మల్లెపొదలు పీకేసి మరీ ఈ గింజలు వేశాడు. అందరి డాబాల మీదా గోంగూర ఏపుగా లేచింది. మొదట్లో నవ్వుకున్నారు. “ఏటి బావా, నీ గులాబీలు పప్పులోకి బాగున్నాయ్” అని సింహాచలం ఏడిపించేవాడట. తర్వాత ఆ నవ్వులు ఆగిపోయాయి. అమ్మినవాడితో వీర్రాజు కుమ్మక్కయ్యాడని వీధిలో పుకారు పుట్టింది. గుమ్మంలో కూర్చుంటే పలకరించేవాళ్లు లేరని చెప్పారు. మీ కాగితం తప్పని మీరే ఇంకో కాగితం ఇవ్వండి, అదొక్కటే నాకు కావాలి అన్నారు.

నేను అలవాటు ప్రకారం అడుగున ఉన్న వాక్యం చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివారు. “అయితే తెలిసి పెట్టారా అండీ సంతకం, తెలీక పెట్టారా?” అని అడిగారు. అప్పన్న అప్పుడే టీ తెచ్చి గ్లాసులు పెడుతున్నాడు. నాకు సిగ్గేసింది.

పరీక్ష అయ్యాక మిగిలిన గింజల్ని సీలు వేసి ఏడాది దాచాలన్నది మా నియమం. ఆ కవరు తెప్పించి వీర్రాజు గారి ఎదుటే విప్పాను. గింజలు నీళ్లలో వేసి రుద్దితే నీలం వదిలిపోయి లోపలి మట్టిరంగు బయటపడింది. మా నమూనా సీసాల్లోని గోగు గింజలు పక్కన పోసి భూతద్దం కింద పెట్టాను. తేడా ఏమీ లేదు.

రెండో రిపోర్టు రాశాను. ఈ నమూనా గులాబీ కాదు, గోగు అని రాసి, మొదటి పరీక్షలోనే ఇది గమనించవలసింది, గమనించలేదు అని చేర్చాను. మా పై అధికారి ఆ చివరి వాక్యం కొట్టేయమన్నారు. కాగితం ప్రకారం మన తప్పేమీ లేదు, చేజేతులా మెడకి తగిలించుకుంటావెందుకు అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నా మంచికే చెప్పారు. కానీ ఆ వాక్యం తీసేస్తే వీర్రాజు గారికి ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ఉంచేశాను. వారంలో మెమో వచ్చింది. ఆ ఏడాది ప్రమోషన్ల జాబితాలో నా పేరు లేదు. బాధపడలేదని అబద్ధం చెప్పను. ఇంట్లో రెండు నెలలు అందరి మీదా విసుక్కున్నాను.

పోలీసులకి ఫిర్యాదు వెళ్లింది. పోస్టు పెట్టె చిరునామా తప్ప అమ్మినవాడి జాడ ఏదీ దొరకలేదు.

రిపోర్టు నకలు పట్టుకుని ఒక ఆదివారం పొద్దున నేనూ అప్పన్నా మల్కాపురం వెళ్లాం. ఆఫీసు పద్ధతిలో పోస్టులో పంపవచ్చు, కానీ పంపబుద్ధి కాలేదు. వీర్రాజు గారి ఇంటి ముందు నలుగురూ చేరాక చదివి వినిపించాను. సింహాచలం చివరి వాక్యం రెండోసారి చదివించుకున్నాడు.

“అయితే మా బావ తప్పేటీ నేదన్నమాట. మరి అంత పెద్ద ఆఫీసుల ఒక్కడికీ తెల్నేదా సారూ, అది గోగని?”

“ఒకరికి తెలిసింది. ఈయనకి,” అని అప్పన్నని చూపించాను. “నాలుగో రోజే చెప్పాడు. నేనే వినలేదు.”

వీర్రాజు గారు లేచి అప్పన్నకి తన కుర్చీ వేశారు. కుండీలో ఈసారి ఏం పెట్టమంటావు బావా అని సింహాచలం వీర్రాజు గారిని అడిగాడు.

ఆ తర్వాత నేను చేసిన మార్పు ఒక్కటే. మొలకల లెక్క రాసే కార్డు మీద లెక్కపెట్టినవారు తాము చూసింది రాయడానికి ఒక గడి గీయించి, వారి సంతకం పడ్డాకే నా సంతకం పెట్టేవాణ్ణి. ఎంత మొలిచిందో యంత్రం పక్కన నిలబడిన ఎవరైనా చెప్పగలరు. ఏం మొలిచిందో చెప్పడానికి ఆ మొక్కతో పెరిగినవాడు కావాలి, అతను చెబుతున్నప్పుడు మనం వినాలి. ఇది మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు. అప్పన్న చెప్పినప్పుడు నేను అతన్ని కసిరాను.