ఎడమ కాలికి హుకుం

వాన పడుతుంటే బన్సీలాల్‌పేటలో డ్యూటీకి రిపోర్ట్ చేశాను. ఫౌజు నుంచి వచ్చాక ఇదే నా మొదటి పోస్టింగ్. ఇల్లు పై అంతస్తులో ఉంది. మెట్లు సన్నం. ఇద్దరు పక్కపక్కన పట్టరు. పట్టుకోవడానికి ఒకవైపే ఇనుప కడ్డీ. లోపల మంచం, చేతికర్ర, బీపీ మిషను, మందుల డబ్బా. రిటైరైన ఒక టీచరమ్మను చూసుకోవాలి. ఊరు గుంటూరు వైపు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు మొద్దుబారింది. స్నానం, బట్టలు పనామె చూసేది. లేపడం, తినిపించడం, నడిపించడం నా పని. పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మిలిటరీలో ఏం చేసేవాడివయ్యా?"

"హవల్దార్‌ని అమ్మా. కొత్తగ వచ్చినోళ్లకు డ్రిల్లు నేర్పుతుంటి."

"అయితే నువ్వూ టీచరువే. కొట్టేవాడివా?"

"కొట్టకుంటే ఎవడింటడమ్మా?"

"నన్ను కొడితే నేనూ కొడతా. కుడి చెయ్యి బాగానే ఉంది."

ఆమెకు ఒకటే కోరిక. నెలలో మొదటి ఆదివారం వాళ్ల చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. అందరూ ముందుకు వెళ్లి రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం తీసుకుంటారు. జబ్బు చేసినప్పటి నుంచి ఆమె వెళ్లలేదు. పాస్టరుగారు ఇంటికే తెచ్చి ఇస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"బల్ల దగ్గరికి మనిషి పోవాలి గానీ, మనిషి దగ్గరికి బల్ల రావడం ఏంటి?"

నేను ఎత్తుకుని తీసుకుపోతానన్నాను. మంచు కొండల్లో దెబ్బ తగిలినవాళ్లను వీపు మీద మోశాను.

"బస్తాలాగానా? అక్కడ నా దగ్గర చదివిన పిల్లలుంటారు. వాళ్ల ముందు బస్తాను కాలేను."

ఆమె కొడుకు ఒక ఆఫీసులో పని చేస్తాడు. నేను సారు అనేవాణ్ణి. తల్లి పడుతుందేమోనని ఆయన భయం.

"నీ అంతట నువ్వు నడిస్తేనే చర్చికి, అమ్మా. ఒక్కసారి పడ్డావంటే చర్చి మాట మళ్లీ ఎత్తొద్దు."

"విన్నావా హవల్దార్?" అంది ఆమె.

మర్నాడే షురూ చేశాను. చెప్పకపోతే ఆ ఎడమ కాలు కదలదు. కుడి ఎడమ తెలియని కొత్త రంగరూట్లకు నేర్పినట్టే నేర్పాను. ఏక్ అంటే ఎడమ. దో అంటే కుడి. ముందు గదిలో. తర్వాత వరండాలో. తర్వాత మెట్ల మీద. తడి ఉన్న రోజు మెట్ల మీద గోనెసంచి పరిచాను. ఆమె పై మెట్టు మీద, నేను ఒక మెట్టు కింద.

"గట్టిగా చెప్పవయ్యా, నసగకు!" అనేది.

వానలు తగ్గాక ఆ ఆదివారం వచ్చింది. ఆటోలో వెళ్లాం. నేను హిందువును. చెప్పులు బయట విడిచి వెనక బెంచీలో కూర్చున్నాను. సారు ముందు బెంచీలో. పాస్టరుగారు పిలవగానే ఆమె కర్ర అందుకుంది.

"నేనొక్కదాన్నే పోతా. నువ్విక్కడే ఉండు."

తనలో తానే ఏక్ దో అనుకుంటూ సగం దూరం వెళ్లి ఆగిపోయింది. ఎడమ మడమ లేచింది గానీ కాలు ముందుకు పోలేదు. అప్పుడు అర్థమైంది. లెక్క చెప్పకుండా ఆమెను నేను ఒక్కనాడూ నడిపించలేదు. సారు పట్టుకోవడానికి లేచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"హవల్దార్! నిద్రపోతున్నావా?"

"ఏక్," అన్నాను మెల్లగా.

"వినపడలా!"

లేచి నిలబడి గ్రౌండులో అరిచినట్టు అరిచాను.

"ఏక్! దో! ఏక్!"

పిల్లలు నవ్వారు. ఎవరో ముసలాయన ఉష్ అన్నాడు. ఆమె ఆగలేదు. బల్ల దాకా వెళ్లింది. రొట్టె తీసుకుంది. రసం తాగి గ్లాసు ఇచ్చింది. కానీ వెనక్కి తిరగలేదు. ఇంట్లో ప్రతిసారీ నేనే పట్టుకుని తిప్పేవాణ్ణి, తిరగడం నేర్పలేదు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఇప్పుడెట్లయ్యా?"

"నేను తిప్పుతనమ్మా. జెర నా చెయ్యి పట్టుకో."

పట్టుకుంది. తర్వాతి నెల ఆటోను సారే పిలిచాడు.

చలికాలంలో ఆమె నిద్రలోనే పోయింది. నా డ్యూటీ అయిపోయింది. లోకల్ రైలెక్కి మల్కాజ్‌గిరిలోని మా ఇంటికి వచ్చేశాను. తర్వాత చాలా ఇళ్లలో చేశాను. ముఖాలు కలిసిపోతున్నాయి. ఒకటి మాత్రం పోదు. బల్ల ముందు తెల్ల చీర వీపు. కర్ర నిటారుగా. చర్చి మొత్తం చూస్తుంటే, వెనక్కి తిరగడం రాక, నా మాట కోసం సావధాన్‌లో నిలబడ్డ మనిషి.