అడుగు లేని సొరుగు

ఆదివారం. మూడు బకెట్ల బట్టలు ఉతికాను, రెండు కిలోల కారం జల్లించాను, వంటగది అరలు తుడిచాను. మా ఆయన మాత్రం పొద్దున్నుంచీ నా పోపు సామానుకు టేకు సొరుగు చేస్తూ కూర్చున్నారు. మేకులు వాడరట. చెక్కల చివరలను ఉలితో పావురం తోకల్లా చెక్కి, ఒకదానిలో ఒకటి దిగేసే డవ్‌టెయిల్ అతుకులట. జిగురు పూసి, సుత్తితో బిగించి, సాయంత్రం అది ఆరాక నన్ను పిలిచారు.

"ఇగో సూడు, ఏనుగొచ్చి గుంజినా ఊడది!"

"మంచిగున్నది. మరి గీ చెక్క దేనికండీ?" గోడకు ఆనించిన పలకను చూపించాను.

ఆయన సొరుగును తిరగేసి చూశారు. అది సొరుగుకు అడుగు. నాలుగో పక్క బిగించకముందే దాన్ని లోపలి గాడిలోకి జారించాలి.

అరగంట సేపు ఇద్దరం చెరోవైపు గుంజాం. అతుకు కదల్లేదు.

"గింత గట్టిగ ఎవరు చేయమన్నరు?"

"మంచిగ చేసుడు సుత తప్పేనా?"

అడుగు లేని సొరుగుతో ఏం చేసుకోవచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

పన్నెండేళ్ల కిందట నేను దూది నింపకుండానే దిండుకు నాలుగు వైపులా కుట్టేశాను. అది చుట్టాలందరికీ చెప్పి నవ్వించింది ఈయనే. ఈ రోజుతో ఆ బాకీ చెల్లు.