తోమాసా అవ్వ నోరు తెరిచింది

మా గ్వాటెమాలా కొండల్లో, మా ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది తోమాసా అవ్వే. మంత్రసాని మాటకు మాలో తిరుగులేదు. బిడ్డకో పన్ను పోతుందని, అది తల్లి కట్టే సుంకమని అనేది. కడుపుతో ఉన్నవాళ్ళు పళ్ళ డాక్టరు గడప తొక్కితే సూదిమందు బిడ్డ తలకెక్కుతుందనేది. తను ఏడుగురిని కన్నది. నవ్వొస్తే శాలువా నోటికి అడ్డం పెట్టుకునేది.

మా అమ్మాయి ఇర్మాకి ఏడో నెలలో దవడ వాచింది. డాక్టరు దగ్గరికి పోతానంటే నేనే అడ్డుపడ్డాను.

"చలి పట్టిందంతే. ఆవిరి గదిలో కూర్చోబెడదాం," అంది అవ్వ.

బాలింతకైనా, ఒళ్ళు నొప్పులకైనా మాకు ఆవిరి గదే మందు. రాళ్ళు ఎర్రబడేదాకా కట్టెలు ఎగదోసింది నేనే. బయటికొచ్చేసరికి వాపు కంటిదాకా పాకింది. మొక్కజొన్న గంజి కూడా మింగలేక పిల్ల వణికిపోయింది.

దొరికిన బండి ఎక్కించి కింద ఊరి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. అవ్వ కూడా వచ్చింది. పళ్ళ డాక్టరు నోయెమీది మా పిల్లల ఈడే. సూది వేసి, చీము తీసి, పన్ను పీకింది. ఇర్మా గావుకేక పెడుతుందని చెవులు మూసుకున్నాను. పిల్ల కిక్కురుమనలేదు. తర్వాత బిడ్డ గుండె చప్పుడు మాకూ వినిపించారు.

"కడుపుతో ఉన్నా ఈ మందు ఇవ్వచ్చమ్మా. చీము వదిలేస్తేనే ప్రమాదం. ఇన్నాళ్ళు ఎందుకాగారు?" అంది నోయెమీ.

 తప్పు అవ్వ మీదికి నెట్టేసి తప్పించుకుందామనిపించింది నాకు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అవ్వే చెప్పింది. "నేనే వద్దన్నాను తల్లీ. సూది బిడ్డకెక్కుతుందని నాకెవరూ చెప్పలేదు, నేనే అల్లిన మాట అది. తొమ్మిదేళ్ళప్పుడు సంతలో ఒకడు పటకారుతో నా పన్ను పీకాడు. మా నాన్న మోకాళ్ళతో అదిమి పట్టుకున్నాడు. అప్పట్నుంచీ భయం. మంత్రసానికి భయమని ఎలా చెప్పుకోను? అందుకే బిడ్డల మీద పెట్టాను."

నలభై ఏళ్ళుగా ఆ మాటే నమ్మాం. నాకు కోపం రావాలి, రాలేదు. నా మూడు పళ్ళు పోయిన చోటుని నాలుకతో తడుముకుంటూ నిలబడ్డాను. అవ్వ మాటని ఎందరి చెవిన వేశానో గుర్తొచ్చింది.

"మీవి కూడా చూడనా అవ్వా?" అంది నోయెమీ.

అవ్వ శాలువా ఇంకా బిగించుకుంది. ఇర్మా వాచిన మూతితోనే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఊపిరి వదులవ్వా. నా చెయ్యి గట్టిగా పట్టుకో. అరిచినా ఎవరూ ఏమనుకోరు."

కాన్పప్పుడు అవ్వ మాతో అనే మాటలే అవి. అవ్వ కుర్చీ ఎక్కింది.

ఇప్పుడు కడుపుతో ఎవరొచ్చినా, పొట్ట మీద చెయ్యి వేసే ముందు అవ్వ శాలువా తీసి నోరు తెరుస్తుంది. "చూడవే. ఇవి పిల్లలు తిన్న పళ్ళు కావు, నా భయం తిన్నవి. ముందు నోయెమీ దగ్గరికెళ్ళు, తర్వాత నా దగ్గరికి రా," అంటుంది. అన్నంతసేపూ ఆమె కళ్ళు నేల మీదే ఉంటాయి.